కమాను ఎవరికి?

"మిషను ఎలా ఉంది?"

పరామర్శకు వచ్చిన ప్రతి మనిషీ గేటు తీస్తూనే అడిగే మొదటి మాట అదే.

చిన్నల్లుడు వరండాలో స్టూలు మీద, కుడిచెయ్యి మెడకు వేలాడేసుకుని కూర్చున్నాడు. పక్కనే టార్పాలిన్ కప్పుకుని, మొన్న వాలు మీద బోల్తాకొట్టిన బుల్లి గడ్డికోత మిషను పడుంది. ఇద్దర్నీ ఒకే గోతిలోంచి పైకి లాగారు. ఇద్దరికీ దెబ్బ ఇంచుమించు ఒకే చోట. దానికి స్టీరింగు మెడ విరిగింది, ఇతనికి మెడ పక్క ఎముక విరిగింది. వచ్చినవాళ్ళు టార్పాలిన్ ఎత్తి చూసి నిట్టూర్చేవారు. కట్టు వైపు చూసినవాడు లేడు.

"పాపం," అన్నాడు పక్కింటి రిటైర్డ్ కండక్టరు, మిషను నెత్తిమీద చెయ్యి వేసి. "దక్కుతుందంటారా?"

"కష్టం అన్నయ్యగారూ," అంది అత్తగారు గొంతు తగ్గించి. "మెకానిక్కు పెదవి విరిచేశాడు. ఇన్నేళ్ళల్లో ఒక్కరోజు మొరాయించలేదు. వాలు మీద ఈయనగారు ఎక్కడో చూస్తూ వాలిపోయాడు, అదీ వాలిపోయింది."

"అల్లుడిగారికేం కాలేదుగా?"

"అతనికేం? ఎముకేగా, అదే అతుక్కుంటుంది. స్పేరు పార్టు కోసం తిరగక్కర్లేదు."

కండక్టరు నవ్వాలో వద్దో తెలియక 'రైట్' అన్నట్టు తల ఊపి వెళ్ళిపోయాడు.

చిన్నల్లుడు గడియారాలు బాగుచేసే మనిషి. ఊరందరి టైమూ సరిచేసి, తన టైము బాగోక దుకాణం మూసుకున్నాడు. 'మళ్ళీ నిలదొక్కుకునేదాకా' అని భార్యతో అత్తవారింటికి వచ్చి, నిలబడ్డమాట నిజమే గానీ, గడ్డిలో నిలబడ్డాడు. ఇంట్లో అతని పేరు 'గడియారం'. ఎవరు పడితే వాళ్ళు కీ ఇవ్వొచ్చు, ఎవరికీ గంట కొట్టి చెప్పదు.

ఆసుపత్రిలో డాక్టరు అతని వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూసి ఒక మాట అన్నాడు. "ఈ భుజం మీద ఇంకోసారి పడ్డావంటే వేళ్ళు మాట వినవు. చిన్న స్క్రూ పట్టుకునే పని ఇక మర్చిపో."

బయట బెంచీ మీద కూర్చుని అతను భార్యను అడిగింది కూడా ఒక్క మాటే. "మీ నాన్నతో నువ్వు చెప్పు. నేనింక ఆ వాలు మీదికి ఎక్కనని."

ఆమె మందుల సంచి ముడి వేసి, విప్పి, మళ్ళీ వేసింది. "చూద్దాం," అంది.

అప్పట్నుంచీ అతను చూస్తూనే ఉన్నాడు. ఇంట్లో నోళ్ళకు కొదవ లేదు. అతనికి కావలసింది మాత్రం ఒక్క నోరు. అది ప్రస్తుతం గుమ్మం దగ్గర కూర్చుని, పళ్ళతో బట్టల క్లిప్పు కరిచిపట్టుకుని, దుప్పటి మడతపెడుతోంది.

"ఏమోయ్ గడియారం!" షెడ్డు లోంచి మామగారి కేక. "ఆ స్టూలు పట్టుకుని ఇలా రా."

మామగారు కాంట్రాక్టరుగా ఊరినిండా ఇళ్ళు కట్టించాడు. అవన్నీ ఎవరెవరివో. తన చేత్తో తాపీ పట్టి, తన కోసం తను కట్టుకున్నది ఈ షెడ్డు ఒక్కటే. దాని గుమ్మం ఆయన నడుమంత ఎత్తున్న పాత మిషనుకు తగ్గట్టు కట్టింది. మనిషి తల వంచి దూరాలి. ఆ గుమ్మంలో ఒక ఇటుక కదిలించాలన్నా ఆయనకు గుండెలో ఇటుక కదిలినంత పని.

ఇవాళ షోరూం మనిషి గడ్డి కోసే పొట్టి ట్రాక్టరు తెచ్చి చూపిస్తానన్నాడు. అది షెడ్డులో పడుతుందో లేదో ముందే తేల్చుకోవాలి. టేపు ఉంది. టేపు పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. అల్లుడైతే ఒక్కడు చాలు.

"గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చో. ట్రాక్టరు సీటు అంత ఎత్తుంటుందట. ఆఁ. వెన్ను నిటారుగా."

వెన్ను నిటారుగా పెడితే నడినెత్తి పైనున్న బండకు తగిలింది. టకామని చప్పుడైంది.

"తగిలిందా?" అంది వెనకే వచ్చిన అత్తగారు.

"తగిలిందండీ."

"బండకేం కాలేదుగా?" అన్నాడు మామగారు, పైకి చూసి.

"తల వంచుకుంటే పడతాడండీ," అంది అత్తగారు. "వంచుకోవడం మనిషికి అలవాటే."

"వంచవోయ్. ఇంకాస్త. ఆఁ, పట్టాడు. ఇంకేం, ట్రాక్టరూ పడుతుంది."

అలా, ట్రాక్టరు రాకముందే దాని ఎత్తు అల్లుడి మెడ వంపు మీద ఖాయమైపోయింది. మెడ వంచినప్పుడల్లా విరిగిన ఎముకలో ఎవరో పాత తాళం తిప్పుతున్నట్టుంది. అతను పక్కకు చూశాడు. దుప్పటి మడత పూర్తయింది. భార్య ఇంకో దుప్పటి తీసుకుంది.

*

పెద్దల్లుడి కారూ షోరూం లారీ ఒకేసారి గేటు దగ్గరికి వచ్చాయి. కారుకి దారి ఇవ్వమని లారీని వెనక్కి పంపారు.

పెద్దల్లుడు పళ్ళ డాక్టరు. పళ్ళంటే ఆయనకు ప్రాణం. జనం నోట్లో ఉన్నవి పీకేవాడు, మామగారి తోటలో ఉన్నవి కోయించుకుపోయేవాడు. ఆయనకు వరండాలో పడక్కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, పళ్ళెం నిండా బిస్కెట్లు పెట్టారు.

"ఎలా ఉంది తమ్ముడూ?" అన్నాడు చిన్నల్లుడితో.

చిన్నల్లుడికి ప్రాణం లేచొచ్చింది. "రాత్రిళ్ళు కాస్త లాగుతోందండీ, వేళ్ళు కూడా..."

"నేనడిగేది మిషను సంగతి," అన్నాడు పెద్దల్లుడు, టార్పాలిన్ వైపు గడ్డం చూపి. పక్కనున్న పెద్దల్లుడి భార్య, వదినగారు, కిసుక్కున నవ్వి, నవ్వినందుకు దగ్గింది.

ఇంతలో లారీ మీంచి ట్రాక్టరు దిగింది. నిజంగానే పొట్టిది. పెద్ద ట్రాక్టరుకి పుట్టి ఇంకా ఎదగనట్టుంది. సీటు వెనక మాత్రం తలకంటే ఎత్తుగా లావుపాటి ఇనప కమాను నిలబడి ఉంది.

షోరూం మనిషి ఇంజనుకంటే ముందు నోరు స్టార్ట్ చేశాడు.

"సార్, గడ్డి కోతకి ఇంజను తర్వాత, ముందు నేల చూసుకోవాలి. మీ స్థలం చూశాను. ఇంటి ముందు చదును, పక్కన పళ్ళతోట, చదును అంచు నుంచి రోడ్డు దాకా వాలు, వాలు కింద గొయ్యి. మూడు రకాల నేల, ఒకే బండి. బ్లేడ్లుండే ఈ కోత డెక్కు రెండు రకాలుగా తగిలించొచ్చు. వెనక తోకలాగా తగిలిస్తే చెట్లకింద బాగా దూరుతుంది. కానీ బరువంతా వెనక పడి వాలెక్కేటప్పుడు ముందు చక్రాలు తేలిపోతాయి. మీకు ఇదిగో, ఇది మేలు. నాలుగు చక్రాల మధ్య, బండి కడుపు కింద. బరువు కిందికే ఉంటుంది, కోత తివాచీలా వస్తుంది."

"కడుపు కింద కోతా?" అంది అత్తగారు. "కడుపుకోత మాకు కొత్తేం కాదు నాయనా. ఇద్దర్ని కన్నాం, ఒకదాన్ని ఇతనికిచ్చాం."

పెద్దల్లుడికి బిస్కెట్టు గొంతులో పడి పొరబోయింది. వీపు నిమరడానికి ముగ్గురు లేచారు.

చిన్నల్లుడు భార్య వైపు చూశాడు. ఆమె ట్రాక్టరు వైపు చూస్తోంది. తల్లి మాట విందో లేదో తెలియలేదు. వినకపోయి ఉంటే బాగుండునని ఒకసారి, విని ఉంటే బాగుండునని ఒకసారి అనిపించింది అతనికి.

"కడుపు కిందదే ఖాయం," అన్నాడు మామగారు. "తివాచీ అన్నావు కదా. రోడ్డు మీద పోయేవాడు తలెత్తి చూస్తే మా వాలు తివాచీ పరిచినట్టుండాలి. గీతలు కనపడాలి. అడ్డగీతలు."

షోరూం మనిషి నవ్వు కొద్దిగా తగ్గింది. "వాలు మీద అడ్డంగా కోయకూడదు సార్. కిందనుంచి పైకి, పైనుంచి కిందికి, నిలువుగా పోవాలి. అడ్డంగా పోతే బండి పక్కకు ఒరుగుతుంది."

"నిలువు గీతలు రోడ్డు మీంచి కనపడవయ్యా. ముప్పై ఏళ్ళ నుంచి అడ్డంగానే కోయిస్తున్నా."

"అందుకేనేమో సార్, మొన్న..." అని షోరూం మనిషి టార్పాలిన్ వైపు చూసి, కొనేవాడి మొహం వైపు చూసి, మాట మింగేశాడు. "పోనీ, వెడల్పు చక్రాలు వేయించుకోండి. కాళ్ళు బార్లా చాపి నిలబడ్డట్టుంటుంది, ఒరగదు."

"వెడల్పు చక్రాలు షెడ్డు గుమ్మంలో పడతాయా?"

"పడవండి."

"అయితే సన్నవే."

గడ్డికంటే ముందు ట్రాక్టరుకే కోత పడుతోంది. నిలువు పోయింది, వెడల్పు పోయింది. మిగిలింది ఎత్తు.

దాని వంతూ వచ్చింది. షోరూం మనిషి బండి ఎక్కి, నడుముకు బెల్టు బిగించి, పళ్ళతోటలోకి తోలాడు. మొదటి చెట్టు కిందే కమాను కొమ్మకు తగిలి, పచ్చికాయలు జలజలా రాలి పెద్దల్లుడి బూట్ల దాకా దొర్లాయి.

"అయ్యయ్యో, నా కాయలు!" అంది అత్తగారు.

"నా పళ్ళు!" అన్నాడు పళ్ళ డాక్టరు.

అక్కణ్ణుంచి బండి షెడ్డుకి వెళ్ళింది. ఎంత నెమ్మదిగా తోలినా గుమ్మం బండకు కమాను కొట్టుకుని సిమెంటు పెచ్చు ఒకటి ఊడి పడింది. మామగారు ఆ పెచ్చును రెండు చేతులా ఎత్తుకున్నాడు. అల్లుణ్ణి గోతిలోంచి తీసిననాడు ఆయన ఒక చెయ్యే వేశాడు.

"ఏంటిది?" అన్నాడు. "ఏంటయ్యా ఈ కొమ్ము?"

"కమాను సార్. బండి బోల్తాపడితే డ్రైవరు నలగకుండా కాపాడేది అదే. షెడ్డులోకి పోయేటప్పుడు ఇలా పిన్ను లాగి వెనక్కి మడుచుకోవచ్చు." మడిచి చూపించాడు. ట్రాక్టరు ఒక్కసారి పొట్టిదైపోయి గుమ్మంలోకి సుతారంగా దూరింది. "బయటికి రాగానే ఎత్తి పిన్ను పెట్టాలి, బెల్టు పెట్టుకోవాలి. మర్చిపోకూడదు."

"రోజూ ఎవడు మడుస్తాడు, ఎవడు ఎత్తుతాడు? చెట్టుచెట్టుకీ దిగి మడవాలా? పీకి పారెయ్."

"పీకి అమ్మితే మా కంపెనీ ఒప్పుకోదు సార్." షోరూం మనిషి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మడిచి ఇస్తాం. మడిచింది మీరు మళ్ళీ ఎత్తారో లేదో మేమొచ్చి చూడం. కాకపోతే ఒక్కటి. కమాను మడిచి ఉన్నప్పుడు బెల్టు మాత్రం పెట్టుకోకూడదు. ఒరిగితే దూకడానికి వీలుండాలి."

"దూకడమా! ఇతనా?" అన్నాడు పెద్దల్లుడు ముచ్చటగా. "నడుమంత ఎత్తు మిషను మీంచే దూకలేకపోయాడు. ఇంతకీ దూకకపోతే ఏమవుతుంది?"

"బండి పైన, మనిషి కింద సార్."

"బరువెంత?"

"చిన్నదే సార్. మీ కారంత."

పెద్దల్లుడు తన కారు వైపు ఒకసారి, చిన్నల్లుడి వైపు ఒకసారి చూశాడు. "అయితే ఈసారి ఎక్స్‌రే శ్రమ ఉండదు."

అందరూ నవ్వారు. అత్తగారు కళ్ళు తుడుచుకుంది. వదినగారు ఈసారి దగ్గలేదు, బాహాటంగానే నవ్వింది. షోరూం మనిషి కూడా నవ్వాడు. అమ్ముడుపోయేదాకా కొనేవాళ్ళు నవ్విన చోట నవ్వడం వాళ్ళ ఉద్యోగంలో భాగం. చిన్నల్లుడు కూడా నవ్వాడు. నవ్వకపోతే ఏమన్నా అనుకుంటారని.

భార్య నవ్వలేదు. ఆమె దుప్పట్లు పక్కన పెట్టేసి, చదును అంచున వాలు మొదలయ్యే చోటును చూస్తూ నిలబడింది.

"సరే, తీసుకుంటున్నాం," అన్నాడు మామగారు, సిమెంటు పెచ్చును జేబులో వేసుకుంటూ. "సన్న చక్రాలు, కడుపు కింద డెక్కు, కమాను మడిచి. ఏమోయ్ గడియారం, ఎక్కు. ఎలా ఉందో చూడు."

"సార్, ఆయన చెయ్యి..." అన్నాడు షోరూం మనిషి.

"స్టీరింగుకి ఒక చెయ్యి చాలదా? తోలమనడం లేదుగా, కూర్చోమంటున్నా. కట్టు విప్పాక తోలతాడు. ఎక్కవోయ్, నీకే కొంటున్నాం."

జీవితంలో మొదటిసారి ఆ ఇంట్లో అతని కోసం ఒకటి కొంటున్నారు.

చిన్నల్లుడు స్టూలు మీంచి లేచాడు. షెడ్డు దాకా నడిచాడు. పాదం పెట్టే మెట్టు మీద చెప్పు పెట్టాడు. ఎడమచేత్తో సీటు అంచు పట్టుకున్నాడు. గుండుసూది మొనంత స్క్రూని ఊపిరి బిగబట్టి గాడిలో కూర్చోబెట్టిన వేళ్ళవి. ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. చూడకూడదనుకుంటూనే చూశాడు.

"ఆగండి," అంది భార్య.

*

ఆమె నోట్లో క్లిప్పు తీసి కొంగుకు పెట్టుకుంది.

"నేనెక్కుతా."

"నువ్వా?" మామగారి మొహం విప్పారింది. "ఎక్కవే తల్లీ. చిన్నప్పుడు నా స్కూటరు ముందు నిలబడి హారన్ కొట్టేదానివి. ఏమయ్యా, అమ్మాయికి చూపించు."

చిన్నల్లుడు మెట్టు దిగి పక్కకు జరిగాడు. ఆమె ఎక్కింది. షోరూం మనిషి ఏది ముందుకు, ఏది వెనక్కి, ఏది తొక్కితే ఆగుతుందో చెప్పాడు. ఆమె రెండోసారి అడగలేదు. ట్రాక్టరు షెడ్డులోంచి బయటికి వచ్చి చదును మీద ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో డెక్కు కిందికి దించింది. గడ్డి సన్నగా తెగి పక్కకు ఎగిరింది. వెనక ఒక పచ్చటి దారి పడింది.

ఆమెకు ఆ సీటు నచ్చింది. దుకాణం మూసినప్పటి నుంచీ ఆమె మొహంలో లేని వెలుగేదో వచ్చి కూర్చుంది. అది అతను చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేది.

"మా నాన్న పోలిక," అంది వదినగారు, మెచ్చుకుంటూనే కాస్త ఏడుస్తూ.

మూడో చుట్టు తిరగలేదు. ట్రాక్టరు తిన్నగా చదును అంచు వైపు పోయింది. అంచు దగ్గర పక్కకు తిరిగింది. అడ్డంగా. రోడ్డు మీంచి గీత కనపడేలా.

ముందు చక్రం ఒకటి వాలు మీదికి దిగింది.

"ఆపు!" మామగారు కుర్చీలోంచి లేచిన తీరుకి కుర్చీ పడిపోయింది. "ఆపవే! కమాను! ఒరే, కమాను ఎత్తవయ్యా, కమాను ఎత్తు ముందు!" పరిగెత్తాడు. ఒక చెప్పు గడ్డిలో ఉండిపోయింది. దాని కోసం ఆగలేదు. జేబులోంచి సిమెంటు పెచ్చు జారి పడింది. దాని కోసమూ ఆగలేదు.

ట్రాక్టరు ఆగింది. ఇంజను మాత్రం నడుస్తూనే ఉంది. ఒక చక్రం కింద, మూడు పైన, బండి కాస్త ఒరిగి నిలబడింది. సీటు వెనక కమాను మడిచిన గొడుగులా వేలాడుతోంది.

"దిగు తల్లీ. మెల్లిగా. ఈ పక్కకు దిగు," అన్నాడు మామగారు రొప్పుతూ, సీటు రెండు చేతులా పట్టుకుని.

"ఎందుకు నాన్నా?" అంది ఆమె. "కమాను అక్కర్లేదన్నావుగా."

"నీకు కాదే!"

ఇంజను చప్పుడు మీద కూడా ఆ మాట అందరికీ వినపడింది.

అత్తగారు ఖాళీ టీ కప్పులు తీయబోయి, వాటిలో ఏముందో చూస్తున్నట్టు వంగి అలాగే ఉండిపోయింది. పెద్దల్లుడు బిస్కెట్టు ఎటు తిప్పాలో మర్చిపోయాడు. షోరూం మనిషి కమానుకు ఒక అడుగు దూరంలో పిన్ను చేత్తో పట్టుకుని, ఎత్తాలా మానాలా అని మామగారి మొహం చూస్తున్నాడు.

"ఎవరికి కాదు నాన్నా?"

"ఏమిటే నీ వాదన..."

"నాకు కావాలి. సరే. మరి ఎవరికి అక్కర్లేదు? పేరు పెట్టి చెప్పు. ఎదురుగానే ఉన్నాడు."

మామగారు అల్లుడి వైపు చూడలేదు. చేత్తో చెమట తుడుచుకుని షెడ్డు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన మొహంలో ఏదో ఒకటి ఒరిగి, పడి, సద్దుకుంది.

"సరే," అన్నాడు చివరికి. "షెడ్డు గుమ్మం పగలగొట్టిస్తా. రేపే మనుషుల్ని పిలుస్తా. కొమ్మలు కొట్టిస్తా. కమాను నిలబడే ఉంటుంది, వెడల్పు చక్రాలే వేయిస్తా. నిలువుగా కోసుకో. గీతలు లేకపోతే పీడాపోయింది. నీకు చేతనైంది, నువ్వే తోలు. నాకు నువ్వు ముఖ్యం."

చిన్నల్లుడికి ఛాతీలో ఎన్నాళ్ళుగానో బిగిసిన స్ప్రింగు ఒకటి వదులైంది. కావలసిన మాట వచ్చేసింది. ఇక ఎక్కక్కర్లేదు. వేళ్ళు మిగిలాయి. ఆనందంతో ఆమె వైపు ఒక అడుగు వేశాడు కూడా.

"మరి," అన్నాడు మామగారు. ఈసారి గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. పని పూర్తయిన చోట ఏ కూలీని ఉంచాలో ఎవర్ని మాన్పించాలో చూసుకునే కాంట్రాక్టరు గొంతు అది. "నువ్వే తోలేట్టయితే, ఇతనెందుకు?"

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే అతను భరించేవాడు. వాళ్ళ నవ్వు అతనికి అలవాటే. అందరూ ఆలోచిస్తున్నారు. నిజంగానే, మనస్ఫూర్తిగా, ఇతనెందుకా అని.

"గేటు తీయడానికి..." అంది వదినగారు, సాయం చేద్దామని.

"గేటు మేమే తీసుకుంటున్నాం," అన్నాడు పెద్దల్లుడు.

"ఇంట్లో గోడ గడియారం కూడా బ్యాటరీదే," అంది అత్తగారు.

చిన్నల్లుడు మళ్ళీ భార్య వైపు చూశాడు. అలవాటైన చూపు. ఒక మాట కోసం చేయి చాచే చూపు.

ఆమె ఆ చూపు చూసింది. ఆమె మొహంలో వెలుగు మెల్లిగా ఆరిపోయింది.

"నా వైపు చూడకండి," అంది. "ఆసుపత్రి దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నారు. నేను చెప్తాను, నేను ఎక్కుతాను, చక్రం గోతి వైపు నేనే దింపుతాను. ఇప్పుడు మీరెందుకో కూడా నేనే చెప్పాలా? కట్టు చేతికేగా వేసింది, నోటికి కాదుగా. చెప్పండి. నాకూ వినాలనుంది. మీరెందుకు?"

అందరి మాటలూ అతనికి బయట తగిలాయి. ఇది ఎముక దగ్గర తగిలింది.

అతను నోరు తెరిచాడు.

"నేనా వాలు మీదికి ఎక్కను," అన్నాడు. "కమాను ఉన్నా ఎక్కను, లేకున్నా ఎక్కను. గడ్డి కోయను. తల వంచుకుని గుమ్మంలో కూర్చోను. ఈ ఇంట్లో నేను దేనికీ కాను. నిజమే. మావయ్యగారు సరిగ్గానే అడిగారు."

ఊపిరి తీసుకున్నాడు. భుజం భగ్గుమంది.

"నేను పనికొచ్చే చోటికి నేను పోతున్నా. పద."

"ఎక్కడికి?" అంది ఆమె.

"తెలీదు. పద."

ఇంకేమైనా అంటే ఏడుస్తానేమోనని అతను తిరిగి నడక మొదలుపెట్టాడు. చెప్పులు వేసుకునే ఉన్నాడు, సామాను కోసం లోపలికి పోలేదు. వాలు పక్కనున్న కంకరబాట మీద, ఒక చెయ్యి ఊపుతూ, ఒక చెయ్యి మోసుకుంటూ గేటు వైపు దిగాడు. వెనక ఎవరూ పిలవలేదు. ఇంజను మాత్రం దడదడలాడుతూనే ఉంది.

"పోయేవాడివి గేటు దగ్గరికి వేసి పో నాయనా," అని అత్తగారి గొంతు వినిపించింది. "పశువులొచ్చి గడ్డి తినేస్తాయి."

అతను ఎడమచేత్తో గేటు గొళ్ళెం తీశాడు. బయటికి వచ్చాడు. రోడ్డు మీద నిలబడ్డాడు గానీ తలెత్తి వాలు వైపు చూడలేదు. చూస్తే మళ్ళీ ఆ చూపే చూస్తాడని తనకు తెలుసు. గేటు మూయలేదు. తెరిచి ఉంచాడు, ఒక మనిషి పట్టేంత.

పైన ఇంజను ఆగింది.

ఆమె దిగిన అలికిడి మాత్రం ఇంకా వినపడలేదు.